ఒప్పుకోలుకు వెల కట్టిందెవరు

వంశధారా, నీలోకి దిగినవాళ్లు నీకు గుర్తున్నారా? కళింగపట్నం దగ్గర కడలి కౌగిట్లోకి చేరేలోపు నువ్వు దాటి వచ్చే రేవుల్లో ఎన్ని తెల్లవారుజాములు తెల్లబట్టల మనుషుల్ని మోశాయి! ఒడ్డున పాట. నడుములోతు నీళ్లలో పాస్టరుగారు. ఆయన కుడిచెయ్యి ఆకాశం వైపు, ఎడమచెయ్యి దిగినవాడి వీపు మీద. ఒకటే ప్రశ్న: నమ్ముతున్నావా? ఒకటే జవాబు. ఆ జవాబు తల్లి చెప్పకూడదు, తండ్రి చెప్పకూడదు, కట్టుకున్నవాడు చెప్పకూడదు, ఊరి పెద్ద చెప్పకూడదు. ఎవరి నోటితో వాళ్లే పలకాలి. అంత చిన్న మాట కోసం ఆకాశం కాసేపు ఆగి చెవి ఒగ్గుతుందని మా పెద్దలు నమ్మారు, నేనూ నమ్ముతున్నాను. నాగావళీ, నిన్నూ అడుగుతున్నాను. చంపావతీ, వేగావతీ, సువర్ణముఖీ, మిమ్మల్నీ అడుగుతున్నాను. ఆ మాట పలికి పైకి లేచినవాళ్ల జుట్టు లోంచి, చెంపల మీంచి జారిన నీటిలో మీది ఎంత, వాళ్ల కన్నీరు ఎంత?

నేనూ అలాంటి రేవులో మునిగి లేచినవాణ్ణే. కాబట్టి ఇది గట్టు మీద నిలబడి చూసినవాడి మాట కాదు. ప్రభూ, నువ్వు మనిషికిచ్చిన స్వేచ్ఛ మీద నాకు ఫిర్యాదు లేదు. ఆస్తిపరుడైన ఆ యువకుడు పరుగెత్తుకొచ్చి నీ ముందు మోకరిల్లినప్పుడు నువ్వు అతణ్ణి చూసి ప్రేమించావని మార్కు రాశాడు. నీ మాట విన్నాక అతని ముఖం వాడిపోయింది. లేచి వెళ్లిపోయాడు. నువ్వు వెనక్కి పిలవలేదు. షరతు తగ్గించలేదు. శపించలేదు. శిష్యుల్ని పంపి దారి కాయించలేదు. గాలిని గద్దించిన గొంతే అది, సముద్రాన్ని పడుకోబెట్టిన గొంతే అది. వెళ్లిపోతున్న ఒక మనిషి వీపు ముందు మాత్రం మూగబోయింది. సువార్తల్లో నువ్వు చేసిన అద్భుతాలన్నిటికంటే ఆ మౌనమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. సర్వశక్తిమంతుడు తన శక్తికి తానే గీసుకున్న గీత అది. ఆ గీతకు ఇవతల, మనిషి మనసు గడపలో, నువ్వు కూడా అతిథివే.

ఆ గీత ఎక్కడుందని పండితులు పదిహేను వందల ఏళ్లకు పైగా పోట్లాడుకున్నారు. అగస్టీను, పెలాగియసు వాదించుకున్నారు. 1524లో ఎరాస్మస్ మనిషి చిత్తానికి స్వేచ్ఛ ఉందని రాస్తే, మరుసటి ఏడాదే లూథరు ఆ చిత్తం సంకెళ్లలో ఉందని బదులు రాశాడు. 1618లో డోర్ట్ పట్టణంలో మొదలైన మహాసభ ఆర్మీనియస్ శిష్యుల్ని తప్పు పట్టి బయటికి నెట్టింది. గొప్ప వాదాలే. కానీ ఆ పుస్తకాల అంచులు దాటి ఉత్తరాంధ్ర మట్టి మీద అడుగు పెట్టేసరికి ప్రశ్నే మారిపోతుంది. దేవుడి ఎదుట మనిషికి స్వేచ్ఛ ఉందా అని వాళ్లు అడిగారు. మనిషి ఎదుట మనిషికి ఉందా అని మా రేవులు అడుగుతున్నాయి.

పర్లాకిమిడి వైపు చూడండి. మహేంద్రగిరి నీలి నీడలో, మహేంద్రతనయ ఒడ్డున, తెలుగూ ఒడియా ఒకే పందిరి కింద అల్లుకున్న జమీను అది. 1936లో గీసిన రాష్ట్రాల గీత దాన్ని ఒడిశాలో కలిపింది గానీ, పాతపట్నం నుంచి చూస్తే అది ఇప్పటికీ మన పక్కింటి వాకిలే. ఆ సంస్థానంలోని మదనపురంలో 1803 సెప్టెంబరు 5న ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు పురుషోత్తమ చౌదరి. వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన వంశం. తండ్రి పేరు కూర్మనాథుడు. శ్రీకూర్మంలో పడమటి వైపు తిరిగి కూర్చున్న స్వామి పేరు ఆ ఇంటి గడప మీదే ఉందన్నమాట. కొడుకుకు పెట్టింది పూరీ క్షేత్రపు పేరు. రెండు పుణ్యతీర్థాల మధ్య ఊయల కట్టి ఊపిన బిడ్డ. సంస్కృతం, ఒడియా, తెలుగు నేర్చాడు. శాస్త్రం తెలుసు, రాగం తెలుసు, తాళం తెలుసు. కులం ఇచ్చిన గౌరవం భుజాన జంధ్యమై మెరిసింది. అతనికి లోటేముంది? ఆకలా? అవమానమా? అప్పా? మతం మారినవాళ్లను చూసి లోకం చెప్పే కారణాల్లో ఒక్కటీ అతని గుమ్మం తొక్కి ఎరగదు.

అయినా లోపల ఏదో దాహం. ఆ దాహానికి కులం నీళ్లు చాలలేదు. ఏళ్ల తరబడి వెతికాడు, చదివాడు, తర్కించాడు, తనతో తానే పోరాడాడు. ఆఖరికి 1833 అక్టోబరు 6న కటకంలో బాప్తిస్మం పొందాడు. అక్కడ 1822 నుంచి పని చేస్తున్నవాళ్లు ఇంగ్లండు జనరల్ బాప్తిస్టు సంఘం వాళ్లు. క్రీస్తు కొందరి కోసమే కాదు, అందరి కోసమూ మరణించాడనీ, రమ్మనే పిలుపు ప్రతి మనిషికీ నిజంగా అందుతుందనీ, వస్తానో రాననో ఆ మనిషే చెప్పాలనీ నమ్మినవాళ్లు. డోర్ట్ సభ బయటికి నెట్టిన ఆ నమ్మకమే, రెండు వందల ఏళ్ల తర్వాత సముద్రాలు దాటొచ్చి, మహానది ఒడ్డున మన కవిని నీళ్లలో నిలబెట్టి అడిగింది. అతను అవునన్నాడు.

ఆ ఒక్క అవునుతో ముప్పై ఏళ్ల జీవితం మొదలంటా కదిలిపోయింది. జంధ్యం పోయింది. అగ్రహారం పోయింది. తోడబుట్టినవాళ్ల పంక్తి పోయింది. పండగపూట పిలుపు పోయింది. పితృదేవతలకు తిలోదకం వదిలే చెయ్యి పోయింది. చెయ్యి ఉంది గానీ, ఆ చేతి నీళ్లు ఇక ఎవరికీ అందవు. ఆయన ఇల్లాలు ఆ దారిలో ఆయన వెంట వెంటనే నడవలేదు. కొన్నాళ్లు ఎడబాటు. తర్వాత ఆమె కూడా ఆ విశ్వాసంలోకి వచ్చి ఆయన్ని చేరుకుంది. మన పుస్తకాల్లో ఆ రెండు ముక్కలూ ఒకే వాక్యంలో ఇమిడిపోతాయి. ఆ నడిమి రాత్రుల్ని ఎవరు రాశారు? ఆయన గుండె కోత కీర్తనలై మనకు చేరింది. నూటికి పైగా పాటలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచిన ప్రతి సంఘం, అది ఏ శాఖదైనా, ఆదివారం ఆ పాటల్ని గొంతెత్తి పాడుతుంది. ఆమె గుండె కోత ఏ రాగంలో ఉంది? ఏ తాళానికి కూర్చారు? భర్త బతికుండగానే భర్త లేనిదైన ఆ తల్లి, అందరూ తనను చూసి గొంతు తగ్గించి మాట్లాడుకునే ఆ ఇంట్లో, ఏ గోడకు ఆనుకుని ఏడ్చింది? తనకు తానుగా ఎంచుకున్నవాడు ఆయన. ఎంచుకోకుండానే వెల కట్టింది ఆమె.

నా దుఃఖం సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది. ఎంపిక ఒకడిది. లెక్క మాత్రం ఇంటిల్లిపాది ముందుకూ వస్తుంది. ఆ లెక్క రాసింది నువ్వు కాదు ప్రభూ. రమ్మన్నావు, వస్తే కులం వెలి వెయ్యాలని నువ్వు చెప్పలేదు. సిలువ ఎత్తుకోమన్నావు, ఆ సిలువను కొట్టి తెచ్చే వడ్రంగులు మాత్రం మేమే, ఊరూ వాడా, అన్నదమ్ములూ, దాయాదులూ. 1890 ఆగస్టు 24న కన్ను మూసేదాకా ఆ ముసలి కవి బరంపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం దారుల్లో పాడుతూ తిరిగాడు. ఆ గొంతులో కరుణ కోసం వేడుకోలు ఎప్పుడూ తడారలేదు. అంత గట్టిగా ఎంచుకున్నవాడు కూడా అంతగా ఏడవాల్సి వచ్చిందంటే, స్వేచ్ఛ అనే మాట నవ్వుతూ పలికేది కాదని నాకు అర్థమవుతుంది.

పురుషోత్తముడు వదులుకున్నవాటిని కనీసం లెక్కించవచ్చు. వదులుకోవడానికి ఏమీ లేనివాళ్ల సంగతేమిటి?

కెనడా తూర్పు తీరం నుంచి బయల్దేరిన కొద్దిమంది యువ బాప్తిస్టులు మొదట సయాం దేశానికి వెళ్లి, అక్కడ అనుకున్న దారి దొరక్క 1875లో తెలుగు తీరానికి మళ్లారు. బొబ్బిలి, భీమునిపట్నం, శ్రీకాకుళం, విజయనగరం, పాలకొండ, టెక్కలి, సోంపేట, ఒక్కొక్కటే వాళ్ల మజిలీలయ్యాయి. వాళ్ల మాట విన్నవాళ్లలో ఎక్కువమంది ఊరి చివర పేటల వాళ్లు. మాలలు, రెల్లివాళ్లు, పైడివాళ్లు. వాళ్లు పుట్టిన క్షణం నుంచి అన్నీ ముందే నిర్ణయమైపోయి ఉన్నాయి. ఏ బావి నీళ్లు తాగాలో నిర్ణయమైంది. ఏ దారిన నడవాలో, ఎవరి కళ్లంలో నూర్చాలో, ఎవరు చస్తే డప్పు మోయాలో, ఏ పేరుతో పిలిపించుకోవాలో, పిలిస్తే ఎంత దూరంలో ఆగాలో, అంతా నిర్ణయమైంది. వర్షం ఎప్పుడు పడాలో మబ్బు ఎంచుకుంటుంది. గూడు ఎక్కడ కట్టాలో ఉద్దానం తోటలో పిట్ట ఎంచుకుంటుంది. ఆ మనిషికి మాత్రం ఎంచుకునే పని ఎవరూ ఎన్నడూ పెట్టలేదు. అలాంటివాణ్ణి నీళ్లలో నిలబెట్టి, నీ ఇష్టమేమిటి అని ఒకరు అడిగారు. ఎదురుచూశారు. జవాబు వచ్చేదాకా చెయ్యి కదపలేదు.

బియ్యం కోసం మారాడని, బడి కోసం మారాడని, దొర దయ కోసం మారాడని లోకం అంది. ఇప్పటికీ అంటోంది. అలా వచ్చినవాళ్లు లేరని నేననను. ఆకలి కూడా మనిషిలోని భాగమే, ఆ ఆకలిని చూసి జాలిపడ్డవాడు నీవే. పేట మొత్తం ఒకేసారి కదిలి వచ్చినప్పుడు అందులో ప్రతి గొంతూ తన మాటే పలికిందా, పక్కవాడి మాటను పలికిందా అన్న ప్రశ్న కూడా నన్ను బాధిస్తుంది. కానీ బాబూ, కలిగినవాడు మారితే జ్ఞానోదయమనీ, లేనివాడు మారితే ప్రలోభమనీ చెప్పే ఆ త్రాసు ఎవరిది? తరతరాల వెట్టిలో ఏ బలవంతమూ కనపడని కళ్లకు, ఒక్క ఉదయపు బాప్తిస్మంలో మాత్రం బలవంతం కనపడుతోందేం? పేటవాడి ఇష్టం ఇష్టం కాదా? అతని చిత్తానికి సాక్షి సంతకం పెట్టడానికి ఇంకో కులంవాడు రావాలా?

ఇక ఆడకూతుళ్ల సంగతి. రాయాలంటే కలం బరువెక్కుతుంది. మా ప్రాంతంలో ఆదివారం ఏ ప్రార్థనకూటంలోకి తొంగి చూసినా ముందు కనపడేవి చాప మీద కూర్చున్న ఆడవాళ్ల తలలే. మొగుడు చెన్నై పనికో హైదరాబాదు పనికో వలస పోయాడు. పిల్లలకు జ్వరం. అత్తకు కోపం. ఎవరో పక్కింటావిడ మోకరించి ప్రార్థన చేసింది. ఈమెకు నమ్మకం కుదిరింది. ఇక ఈమె ముందున్న మెట్లు చూడండి. బొట్టు తియ్యాలా వద్దా? తీస్తే, నా కొడుకు బతికుండగానే నుదురు బోడి చేసుకుంటావా అని అత్త గుండెలు బాదుకుంటుంది. తియ్యకపోతే, నీ సాక్ష్యం పూర్తి కాలేదని సంఘం మూతి ముడుస్తుంది. గ్రామదేవత పండక్కి ముర్రాట పట్టుకెళ్లాలా వద్దా? వెళ్తే ఇక్కడ తప్పు, వెళ్లకపోతే అక్కడ తప్పు. "మా కోడలు మతంలో కలిసిపోనాదట" అని వీధిలో మాట. ఓలమ్మా, ఒక చిన్న కుంకుమ చుక్క మీద ఇన్ని రాజ్యాలు దండెత్తుతాయా! నుదురు ఆమెది. రెండు వైపులా న్యాయాధిపతులు కూర్చున్నారు. ఆమెను అడిగినవాళ్లు లేరు. ప్రభూ, నీ పాదాల దగ్గర కూర్చుని విన్న మరియను వంటింట్లోకి పంపమన్నప్పుడు, ఆమె తనకు నచ్చింది ఎంచుకుందని అడ్డం పడ్డావు. ఇవాళ ఈ తల్లి కోసం అడ్డం పడేదెవరు?

చావు దగ్గర ఈ కోత ఇంకా లోతుకు దిగుతుంది. రెండు మతాలున్న ఇంట్లో తండ్రి పోతే, పెద్దకొడుకు పాడె ముందు నిలబడలేడు. నిప్పుకుండ పట్టడు, గుండు చేయించుకోడు, పిండం పెట్టడు. వాడి విశ్వాసం వాణ్ణి ఆపుతుంది. అది వాడు తెలిసి, ఇష్టపడి, ప్రాణంగా పట్టుకున్న విశ్వాసం. కాదనను. కానీ మంచాన పడ్డ ముసలితల్లి ముందే అడిగి ఉంటుంది: "నా కొరివి ఎవుడెడతాడ్రా బావూ?" ఆ ప్రశ్నకు వేదాంతం ఎక్కడ జవాబు చెప్పింది? పరలోకంలో కలుసుకుంటాం అని కొడుకు అంటాడు. ఏ పరలోకం? ఆమెదా, వాడిదా? గోదారి గట్టు నుంచి ఇచ్ఛాపురం దాకా ఎన్ని ఇళ్లలో ఈ సంభాషణ సగంలో ఆగిపోయి, ఎవరో ఒకరు లేచి బయటికి వెళ్లిపోయి ఉంటారో! ప్రేమ తక్కువై కాదు. ఇద్దరిలోనూ ప్రేమ నిండుగా ఉండే, ఒకరి ప్రేమకు ఒకరు అందకుండా పోయారు.

సీతంపేట, భద్రగిరి కొండల మీద ఈ దుఃఖం ఒక జాతి మొత్తం దుఃఖమైంది. నిన్నమొన్నటిదాకా మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవే అయిన ఆ కొండలు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. పోడు కొండల మీద పైనాపిల్ ఘుమఘుమ, జీడిపూల జల్లు, చింతచెట్ల చీకటి. అవి సవరల కొండలు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ ఆ సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కట్టింది ఇందుకే. అది బడికి రావాల్సిన భాష, పుస్తకమెక్కాల్సిన భాష అని ఆయన నమ్మాడు. ఆ భాషలో సవరలు బతికినవాళ్లతోనే కాదు, చనిపోయినవాళ్లతోనూ మాట్లాడుకునేవాళ్లు. సరిహద్దు అవతలి సవరపల్లెల్లో 1970ల నడుమ నుంచి ఏళ్ల తరబడి మసలిన పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఆ మాటల్ని విని రాశాడు. పూనకంలో ఉన్న పూజారిణి నోటి వెంట చచ్చిపోయిన తల్లి వస్తుంది. కూతురితో పోట్లాడుతుంది. నన్నెందుకు సరిగ్గా చూసుకోలేదని అడుగుతుంది. పోయిన బిడ్డ వస్తాడు, ఆకలంటాడు. బతికినవాళ్లు బదులు చెబుతారు, ఏడుస్తారు, సముదాయిస్తారు. ఏళ్ల కొద్దీ ఆ మాటలు సాగి సాగి, ఒకనాటికి దుఃఖం మెత్తబడుతుంది. ఇంటి లోగోడ మీద పితరుల కోసం గీసిన తెల్లని బొమ్మలు, ఆ బొమ్మల్లో ఏనుగులు, గుర్రాలు, చెట్లు, మనుషులు, పోయినవాళ్లకు కట్టిన ఇళ్లు.

తర్వాతి తరం బాప్తిస్టులైంది. ఎవరూ కొట్టి మార్చలేదు. బలి దున్నల కోసం చేసే అప్పు నుంచి, ఆ అప్పు పేరుతో పోడు మింగిన షావుకారు నుంచి, సారా నుంచి, చదువురాని తలవంపు నుంచి ఆ పిల్లలు బయటపడాలనుకున్నారు. పుస్తకం పట్టుకున్నారు, పాట పట్టుకున్నారు, తలెత్తి నడిచారు. వాళ్ల ఎంపికను నేను గౌరవిస్తాను, ఆ పాటలో నా గొంతు కలుపుతాను. కానీ వాళ్ల ముసలి తల్లిదండ్రులు చనిపోయే ముందు ఏమనుకున్నారో తల్చుకుంటే నాకు నిద్ర పట్టదు. నేను పోయాక నాతో మాట్లాడేవాళ్లు ఉండరు. నేను వచ్చి అడిగితే పలికేవాళ్లు ఉండరు. విటెబ్‌స్కీ 2017లో ఆ జాతి మీద తెచ్చిన పుస్తకానికి పేరే చనిపోయినవాళ్లు లేకుండా బతకడం గురించి. ప్రభూ, నువ్వు లాజరు సమాధి ముందు ఏడ్చినవాడివి. లేపబోతున్నావని తెలిసీ ఏడ్చినవాడివి. ఆ కొండల మీద మాట ఆగిపోయిన సమాధుల ముందు మా సంఘం ఒక్క పూటైనా నీలా ఆగి ఏడ్చిందా? విగ్రహారాధన పోయిందని చప్పట్లు కొట్టి దిగి వచ్చేశామా?

మా లోపలి తప్పు కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ ఏడుపు కల్తీ ఏడుపవుతుంది. శిశువు నెత్తిన నీళ్లు చల్లడం చాలదు, బుద్ధి తెలిసి ఒప్పుకోవాలి అని పట్టుబట్టిన సంఘం మాది. ఆ పట్టుదల కోసం యూరపులో మా ముందటివాళ్లు జైళ్లకెళ్లారు, నీళ్లలో ముంచి చంపబడ్డారు. అలాంటిది ఇవాళ పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఈ ఏడాది మీ బ్యాచి బాప్తిస్మం అంటున్నాం. అమ్మ కొత్త తెల్లచీర కొంటుంది, నాన్న బిర్యానీకి చెబుతాడు. పిల్ల గుండెలో ఏముందో అడిగే తీరిక ఎవరికుంది? కాదు అనే దారి మూసేశాక అవును అనే మాటకు బరువెక్కడిది? పెళ్లి సంబంధం దగ్గర కులం అడిగే పెద్దలు, సంఘం వదిలి వెళ్లిన కుర్రాణ్ణి దారిలో పలకరించని విశ్వాసులు, వాడి తల్లిని సాక్ష్యం చెప్పనివ్వని సంఘాలు. వీళ్లలో నేనూ ఉన్నాను. జనమంతా వెనుదిరిగి పోతున్న రోజు పన్నెండుమందిని చూసి, మీరూ వెళ్లాలనుకుంటున్నారా అని అడిగిన గురువు మాకున్నాడు. తలుపు తీసి ఉంచి అడిగాడాయన. మేమో, తలుపుకు తాళం వేసి తాళంచెవికి విశ్వాసమని పేరు పెట్టుకున్నాం.

ఇంటివాళ్లు వేసిన తాళం ఇది. రాజ్యం వేసిన తాళాలు వేరే ఉన్నాయి. పురుషోత్తముడు పుట్టిన గడ్డ మీద ఇవాళ అతనిలాంటివాడు ఒకడు నీళ్లలోకి దిగాలంటే, ముందు మేజిస్ట్రేటు దగ్గర వాంగ్మూలం ఇవ్వాలి. ఒడిశా 1967లో చట్టం చేసింది, 1989లో నియమాలు తెచ్చింది. బాప్తిస్మమిచ్చే పాస్టరు పదిహేను రోజుల ముందు కలెక్టరుకు తెలియజేయాలి. అదే రకమైన చట్టాలను 1977లో సుప్రీంకోర్టు సమర్థించింది. బలవంతం కూడదు, మోసం కూడదు, నిజమే. ఆ మాట మా గురువు అందరికంటే ముందు చెప్పాడు. కానీ మనిషి దేవుడికిచ్చే జవాబుకు ముందుగా కచేరీలో ముద్ర పడాలా? పాతపట్నంలో ఊపిరంత తేలికైన మాట, పర్లాకిమిడిలో దస్తావేజు అవుతుందా?

ఇవతల మన వైపు ఆ చట్టం లేదు. మన వైపు ఉన్నది ఇంకొకటి, ఇంకా మెత్తగా కోసేది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాకు ఒక మతపు గోడ కట్టింది. 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం ఆ గోడకు గుమ్మాలు పెట్టారు. క్రైస్తవుడికి, ముస్లిముకు గుమ్మం లేదు. కొండ మీది సవర క్రైస్తవుడైతే అతని గిరిజన గుర్తింపు చెక్కుచెదరదు, ఆ జాబితాకు మతం అడ్డు లేదు. కొండ కింద పేటలో పుట్టినవాడు అదే నీళ్లలో మునిగి అదే మాట పలికితే, కాగితం మీద అతని కులం మారి బీసీ-సి అవుతుంది. ఊరి మనసులో మాత్రం మారదు. టీ కొట్టు దగ్గర మారదు, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మారదు, తిట్టులో మారదు. 2023 మార్చిలో మన శాసనసభ ఈ గోడ తియ్యమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవుడైనవాడు షెడ్యూల్డు కులపువాడిగా అట్రాసిటీ చట్టం అండ కోరలేడని చెప్పింది. అతణ్ణి కొట్టినవాడు బాప్తిస్మం చూసి కొట్టలేదు గదా, కులం చూసే కొట్టాడు. ఆ చెయ్యికి తెలిసిన నిజం కాగితానికి ఎందుకు తెలియలేదు?

అందుకే మా పేటల్లో ప్రతి మనిషికీ రెండు పేర్లు. బడి రిజిస్టరులో ఒకటి, సంఘం రిజిస్టరులో ఒకటి. ఒకటి అన్నం పెడుతుంది, ఒకటి ప్రాణం పోస్తుంది. పేతురు నిప్పుసెగ దగ్గర కూర్చుని నిన్నెరగనన్నాడు. అతనికి భయం. మా పిల్లలు స్కాలర్‌షిప్పు దరఖాస్తులో నిన్నెరగమంటున్నారు. వాళ్లకు ఫీజు బకాయి. కోడి కూసింది, పేతురు ఏడ్చాడు. ఆ ఏడుపు నువ్వు విన్నావు. దరఖాస్తు నింపి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్న పిల్లాడి ఏడుపు వినపడుతోందా? వాణ్ణి అబద్ధీకుడనే బోధకుడికి నేను అడ్డం నిలబడతాను. వాణ్ణి మోసగాడనే అధికారికీ అడ్డం నిలబడతాను. ఎంచుకోమని నువ్వన్నావు, ఎంచుకున్నందుకు జరిమానా వాళ్లు రాశారు, ఆ జరిమానా కట్టలేని పదిహేడేళ్ల కుర్రాణ్ణి పట్టుకుని విశ్వాసం తూచడానికి ఎవరికీ హక్కు లేదు.

మొన్న ఆదివారం అలాంటి కుర్రాడొకడు రేవు దగ్గర నా పక్కన నిలబడ్డాడు. ఒప్పుకోలు ఇద్దామని వచ్చాడు. చక్కగా పాడతాడు, పురుషోత్తముడి కీర్తనలు పదైనా పుస్తకం చూడకుండా పాడతాడు. ఇంజనీరింగు సీటు వచ్చింది. కుల ధ్రువీకరణ పత్రం కోసం రేపు ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లాలి. దరఖాస్తులో మతం అని ఒక గడి ఉంది. అందులో ఏం రాయాలో చెప్పమని నన్నడిగాడు. నాకు నోరు పెగల్లేదు. ప్రభూ, స్వేచ్ఛ ఇచ్చినవాడివి నువ్వు. ఆ గడిలో ఏం రాయమంటావో వాడికి నువ్వే చెప్పు.